ఏ పానగల్?

అమ్రాబాద్ అడవి

ప్రవళిక బాపుకు,

భాగ్యశ్రీ రాసేది. నేనిక్కడ క్షేమమని రాస్తే అబద్ధమవుతుంది. ఈ ఆశ్రమ పాఠశాలకు బదిలీ అయి వచ్చినప్పటి నుంచి మన బిడ్డ ప్రవళికను చూడలేదు. నీళ్లలో పడ్డ నా ఫోను ఇంకా నీ దుకాణంలోనే ఉంది. ఫోన్లు బాగుచేసేవాని పెళ్లానికే ఫోను లేదని అందరూ నవ్వుతున్నారు.

వచ్చే ఆదివారం సెలవు దొరికింది. బిడ్డను తీసుకుని పానగల్ రా. ముగ్గురం కోట చూద్దాం. బిడ్డ నా ఒడిలో కూర్చొని అన్నం తినాలి. నాకు కావలసింది అంతే.

ఎదురుచూస్తూ,
భాగ్య

తా.క.: నీ నంబరు నాకు నోటికి రాదు. అది ఆ ఫోనులోనే ఉంది.

---

నల్లగొండ

భాగ్యకు,

పరశురాం కోపంగా రాస్తున్నాడు. ఆదివారం అమ్మనూ బిడ్డనూ ఆటోలో పానగల్ తీసుకుపోయాను. కోట ఏదని అడిగితే, "కోట లేదు గీట లేదు, గుడి ఉన్నది పో" అన్నారు. చీకటి పడేదాకా గుడి ముందే కూర్చున్నాం. ఏ చీర కనపడినా బిడ్డ "అమ్మా" అని ఉరికింది.

ఇల్లు అంత దగ్గర ఉండగా మమ్మల్ని అక్కడికే ఎందుకు రమ్మన్నావని అమ్మ అడుగుతోంది. "నా మొఖం జూడొద్దనే గదా!" అని అన్నం మానేసింది.

ఇట్లు,
నీవు మరిచిన పరశురాం

తా.క.: అన్నం మానేసింది గానీ, నీకని చేసిన సర్వపిండి మొత్తం తిన్నది. నీకు చెప్పొద్దన్నది.

---

అమ్రాబాద్ అడవి

ప్రవళిక బాపుకు,

పొద్దుగూకేదాకా కోట దర్వాజా దగ్గర కాపలా కాసింది నేను! గుట్ట ఎక్కే ప్రతి మనిషినీ నువ్వే అనుకున్నాను. బిడ్డకని తెచ్చిన రొట్టెలు కోతులు తిన్నాయి. నువ్వేమో గుడి ముందు కూర్చున్నానని కతలు చెప్తున్నావు. పానగల్ మన ఇంటికి దగ్గరెప్పుడైంది? కొల్లాపూర్‌లో పుట్టిన దాన్ని, పానగల్ సంగతి నాకే చెప్తావా? నేను లేకుండానే మీరు బాగున్నట్టుంది. ఇక రాయకు.

ఇట్లు,
టీచర్ భాగ్యశ్రీ

తా.క.: కవరు అంటించబోతుంటే హెడ్మాస్టర్ యోహాను సార్ చెప్పారు, పానగల్‌లు రెండట. వనపర్తి దిక్కు మాది, నల్లగొండ పక్కన మీది. పైన రాసిందంతా కొట్టేసినట్టు చదువుకో. నేను సోషల్ టీచర్‌నని అత్తమ్మకు గుర్తుచేయకు.

మళ్లీ తా.క.: రాయకు అన్నది కూడా కొట్టేశాను.

---

భాగ్యకు,

రెండు పానగల్‌ల కథ విని అమ్మ పడీపడీ నవ్వింది. "గట్లయితే బిడ్డను తీస్కపో, దుకాణం కాడ నేను కూసుంట" అన్నది.

నువ్వు లేకుండా బాగున్నామని రాశావు. బాగాలేము, భాగ్యా. బిడ్డ నీ చీర కప్పుకుని పడుకుంటోంది. నాకైతే దుకాణం మూశాక ఇంటికి పోబుద్ధి కాదు. ఇక ఏ పానగల్ వద్దు మనకు.

నీ
పరశురాం

తా.క.: కవరు మీద స్టాంపు లేదు, చూశావా? ఇది ఆడపిల్లల హాస్టలని, మగవాళ్లు లోపలికి రావద్దని వాచ్‌మన్ పోచయ్య మమ్మల్ని గేటు దగ్గరే ఆపాడు. ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. కోట ఏదని బిడ్డ ఏడుస్తుంటే మీ ప్రహరీ చూపించి ఇదేనన్నాను. నమ్మింది. "అండ్ల రాణి ఉంటదా, బాపూ?" అని అడుగుతోంది. ఉంటుందని చెప్పాను. జల్ది బయటికి రా.