సొంత ఊరు అన్న గడి

జంషెడ్‌పూర్,
3 నవంబరు 2025.

పూజ్యులైన గణపతిరావు మావయ్యకు,

జయప్రకాష్ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. ఖరగ్‌పూర్‌లో మీ మోకాలి కుట్లు విప్పారని మీ అమ్మాయి రోహిణి చెప్పింది, సంతోషం. ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరాలేమిటని తిడతారని తెలుసు. నా గొంతు సహకరించడం లేదు, ఈసారికి చదువుకోండి.

బస్తీలో ఇప్పుడు ఒకటే మాట, కాన్ఫరెన్సు. ఈ నెల పద్దెనిమిది నుంచి మూడు రోజులు. సమాజాభివృద్ధి, ప్రాంతీయ ఆర్థిక విధానం అని బ్యానర్లు కట్టారు. రెండో రోజు ప్రతినిధులు బస్సుల్లో మన బస్తీ చూడటానికి వస్తారట. అందుకోసం ముందుగా సర్వే పెట్టారు. హిందీ ఫారాలు మన పెద్దవాళ్లకు చదివి చెప్పి నింపే పని నాకిచ్చారు. మెడలో కార్డు వేసుకుని తిరుగుతుంటే కాస్త గర్వంగానే ఉండేది, దాచడమెందుకు.

ఫారంలో సొంత ఊరు అని ఒక గడి ఉంది. మనవాళ్ల సంగతి మీకు తెలియనిదా? చిలకమ్మత్త ఈ బస్తీలోనే పుట్టింది, ఇక్కడే ముసలిదైంది. “మాదేటి బాబూ, రాజాం కాదేటి! మా తాత పేరు సెప్తే ఇప్పటికీ లేచి నిలబడతారు” అంది, రాజాం మొహం చూడని మనిషి. ఆదిబాబు పాలకొండ అన్నాడు. తాము ఇక్కడివాళ్లమేనని అతని కూతురు సింధు “హమ్ తో యహీ కే హై, పాపా” అంటే, తాతల ఊరు చెప్పుకోకపోతే పరువేముందని కసిరాడు. నూట పన్నెండు ఇళ్లలో ఒక్కరూ జంషెడ్‌పూర్ అనలేదు. నేనూ నవ్వుకుంటూ రాసుకుపోయాను.

పది రోజుల క్రితం కాన్ఫరెన్సు కోసం తయారైన పేజీలు చూశాను. మన బస్తీ పేరు కింద, స్థానికులు ఎవరూ లేరు, తాత్కాలికంగా వచ్చిన కూలీలు, తరలించడం తేలిక అని ఉంది. ఫారాలు మార్చమని సర్వే ఇన్‌చార్జి ఇంద్రాణి మేడమ్‌ని బతిమాలాను. వాళ్లే చెప్పారు, మీరే రాశారు కదా అని ఆవిడ చాలా మర్యాదగా అంది. ఆ మర్యాదకే భయమేసింది.

మరునాడు తలుపుల మీద ఎర్ర రంగుతో అంకెలు వేశారు. ఇళ్ల పట్టాలొస్తాయని మనవాళ్లు సంబరపడ్డారు. చిలకమ్మత్త తన అంకెకు పసుపు బొట్టు పెట్టింది. పసుపు గిన్నె పట్టుకున్నది నేనే.

మీరు ఇప్పుడప్పుడే బస్తీకి తిరిగి రావద్దు, మోకాలు గట్టిపడనివ్వండి. ఇంటి గురించి బెంగ పెట్టుకోకండి.

మీ మేనల్లుడు,
జయప్రకాష్

తా.క.: కవరు అంటించలేకపోతున్నాను. మీ ఇల్లు లేదు మావయ్యా. బస్సులు తిప్పుకోవడానికి చోటు కావాలని నిన్న పొద్దున్న జేసీబీతో పడగొట్టారు. నేనే చెప్పాలని, మీకెవరూ ఫోన్ చెయ్యకుండా ఆపాను. మీరు లేనప్పుడు మీ ఫారం కూడా నేనే నింపాను, సొంత ఊరు బొబ్బిలి, ఇంట్లో ఎవరూ ఉండటం లేదు అని. జేసీబీకి అడ్డం నిలబడ్డాను. ఆ కాగితం మీద నా సంతకం చూపించారు. పక్కకు తప్పుకున్నాను.