వాగులో వేయని గుర్రాలు

అమ్మకు,

ముబారిజ్ సలాములు. దేవుడి దయవల్ల నేనూ తమ్ముడు నసీరూ ప్రాణాలతో ఉన్నాం, పైగా మంచి ఆకలితో ఉన్నాం. హమాలో నువ్వూ చెల్లెలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

జ్వరాల మాట నిజమేనా అని అడిగావు. నిజమే. సముద్రం దాటొచ్చిన ఆ పరంగుల కోటను ముట్టడించడానికి చిత్తడినేలలో గుడారాలు వేశాం. కత్తి దెబ్బలకన్నా జ్వరానికే ఎక్కువమంది పోయారు. గుర్రాలూ చచ్చాయి. గాలీ నీరూ చూడకుండా దండు దించకూడదని యుద్ధవిద్య నేర్చిన ప్రతివాడికీ తెలుసు. అయినా వెనక్కి జరిగితే పరువు పోతుందని మా అమీరు బక్తమూర్ కదలనివ్వలేదు.

నసీరు ఎందుకు రాయడం లేదని కూడా అడిగావు. చేతికి దెబ్బ తగిలిందని రాశాను కదా, అది అబద్ధం. వాడు కోటవాళ్లకు చిక్కాడు. తెలిస్తే నువ్వు తిండి మానేస్తావని దాచాను.

అలా ఉండగా, ఒకరోజు అమీరు ముందు సుంఖుర్ అనే దళపతి లేచాడు.

"చచ్చిన గుర్రాల్ని వాగులో పడేద్దాం. ఆ నీళ్లే కోటలోకి పోతాయి. మన రోగం వాళ్లకే అంటిద్దాం, పీడా పోతుంది!"

నేనూ లేచాను. "ఆ నీళ్లు ఆడవాళ్లూ పసిపిల్లలూ తాగుతారు. వాళ్లమీదా మన యుద్ధం?" అన్నాను.

"అసలు సంగతి చెప్పవయ్యా, నీ తమ్ముడు లోపలున్నాడని!" అన్నాడు సుంఖుర్.

"ఉన్నాడు. లేకపోయినా ఇదే అంటాను."

అమీరు మా ఇద్దరినీ కూర్చోమన్నాడు. "కోట గెలిచాక ఆ నీళ్లు తాగాల్సింది మనమేగా! గుర్రాల్ని పూడ్చండి. గుడారాలు గుట్టమీదికి ఎత్తండి. పరువు సంగతి నేను చూసుకుంటా," అన్నాడు.

గుట్టమీది గాలికి జ్వరాలు తగ్గుముఖం పట్టాయి. రోగంతో మేమే ముట్టడి ఎత్తేసి పోతామని కాచుకున్న పరంగులు, మేం కోలుకోవడం చూశారు. లోపల గింజలూ నిండుకున్నాయి. ప్రాణాలకు అభయం అడిగి తలుపులు తీశారు. నసీరు చిక్కి సగమయ్యాడు గానీ తన కాళ్లమీదే నడిచొచ్చాడు.

"ఏమన్నయ్యా, ఇంత ఆలస్యమా? దారిగానీ తప్పావా?" అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఇప్పుడు నా పక్కనే కూర్చుని గొర్రెమాంసం పులుసు లాగిస్తున్నాడు.

ఒక్క మాట నీకే చెబుతున్నానమ్మా. తమ్ముడు లోపల లేకపోతే ఆ రోజు నోరు విప్పేవాణ్ణో లేదో నాకు నిజంగా తెలియదు. కోట తలుపులు తీసిన రోజు వాడి వెనకే ఒక పరంగి తల్లి పసిబిడ్డను చంకనెత్తుకుని బయటికి వచ్చింది. ఆ బిడ్డ నన్ను చూసి బోసినోటితో నవ్వింది. ఇకమీద మాత్రం, లోపల నావాళ్లెవరూ లేకపోయినా నోరు విప్పుతాను.

ఇట్లు,
నీ పెద్దకొడుకు,
ముబారిజ్