పారాయణ మధ్యలో లేవడం

బెజవాడ, 1946. కార్తీక సోమవారం రాత్రి.

దేవుడు నీకు వెన్నెముక ఇచ్చింది గ్రంథం మీద ముడుచుకుపోవడానికా? నన్ను నేనే అడుగుతున్నాను. పదేళ్ళపాటు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని పురాణం చెప్పాను. ఈ నడుము నొప్పి పూర్వకర్మ అని నలుగురికీ బోధించాను కూడా!

కిందటి నెల ఆ మాట విని నేతగాడు పుల్లయ్య నవ్వేశాడు. "మగ్గం గుంటలో నేనూ రోజంతా కూచుంటానండీ. నేసిన గుడ్డ చుట్టినప్పుడల్లా లేచి ఒళ్ళు విరుచుకుంటా. మీరా పుస్తకాన్ని కాస్త ఎత్తున పెట్టి చూడండి, పంతులుగారూ."

అప్పటి నుంచి గ్రంథం ఎత్తుపీట మీద, కళ్ళకెదురుగా ఉంటోంది. అధ్యాయానికోసారి లేచి నాలుగడుగులు వేస్తున్నాను. నొప్పి సగం పోయింది.

ఇవాళ గుడి ధర్మకర్తగారు అందరిముందూ కేకలేశారు. "పారాయణ మధ్యలో లేస్తారా? అపచారం! రేపూ ఇదే వరసైతే వేరొకరిని పిలిపిస్తాం."

పిలిపించనీ! పురాణం తప్ప నాకు మరో బతుకు లేదు, నిజమే. కానీ మూలుగుతూ చెప్పే దేవుడి మాట ఎవరు వింటారు? లేస్తే పాపమని ఏ శాస్త్రంలో ఉంది? సాయంత్రమంతా వెతికాను, కనబడలేదు. రేపు అధ్యాయం ముగియగానే వినేవాళ్ళందరినీ లేపుతాను. లేస్తారో, లేదో...

చూడు, రాస్తూ రాస్తూ మళ్ళీ వంగిపోయావు! కలం కింద పెట్టు. రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే లేచి నిలబడు.