నోరెత్తని పెట్టె

హెడ్డాఫీసు, సోమవారం

గోడౌను బావగారికి నమస్కారాలు.

నేను క్షేమం. నా ఉద్యోగం క్షేమమో కాదో మీ చేతుల్లో ఉంది. మన బ్రాంచీలన్నిటికీ కొత్త నెట్‌వర్క్ స్విచ్‌లు కొనాలి. కంప్యూటర్ల తీగలన్నీ వచ్చి చేరే పెట్టె అన్నమాట, అది ఆగితే ఏ కంప్యూటరూ పక్కదానితో మాట్లాడదు. మూడు కంపెనీలు మాదే గొప్పంటే మాదే గొప్పని కొట్టుకుంటున్నాయి. పరీక్షకని తలా ఒకటి చెక్కపెట్టెలో సీలు వేసి ఇచ్చాయి. ఎరుపు, నీలం, ఆకుపచ్చ టేపులు అంటించి మూడూ ఈ లారీలోనే పంపుతున్నాను. వరసగా పెట్టి చూడండి. మీ దగ్గర నెగ్గిన రకం నలభై కొంటాం.

ఒక్క జాగ్రత్త. ఏ కంపెనీ పెట్టె ఆ కంపెనీ మనిషే వచ్చి విప్పాలి. ఆయన రాకుండా సీలు తీస్తే గ్యారంటీ పోతుంది. ఎవరు బతిమాలినా తీయనివ్వకండి.

పోయినేడు నేను కొన్న కుర్చీల సంగతి మీకు తెలుసు. కాళ్ళు విరిగి ఆరుగురు కిందపడ్డారు, ఆరోవారు మన యజమాని పెద్దాయనే. ఈసారి పొరపాటు జరిగితే నన్ను మీ గోడౌనుకి పంపి బస్తాలు లెక్కపెట్టిస్తానన్నారు. ఆయనకి సంతకం ఉన్న కాగితం మీదే గురి, అందుకే ఈ ఉత్తరాలు.

ప్రస్తుతానికి కొనుగోళ్ల మేనేజరు,
మీ బావమరిది

తా.క.: బస్తాల మాట అక్కకి చెప్పకండి. సంతోషిస్తుంది.


గోడౌను, శుక్రవారం

బావమరిదికి ఆశీస్సులు.

పెట్టెలు అందాయి. ఎర్రటేపు వాళ్ళ మనిషి మర్నాడే వచ్చి, సీలు తీసి, నా తల వెనక అరలో బిగించి పోయాడు. ఏం చప్పుడోయ్ అది! లోపల ఉన్నది ఫ్యానో పిండిమరో తెలియడం లేదు. ఫోను మోగితే అందరం వీధిలోకి పరిగెడుతున్నాం. వేడి కూడా దండిగా ఉంది. మధ్యాహ్నానికి టిఫిన్ డబ్బాలు దానిమీద పెడుతున్నాం, మా గుమాస్తావిడ తడి గొడుగు ఆరబెట్టుకుంది. పని మాత్రం వంక పెట్టడానికి లేదు.

దీన్ని వింటుంటే నాకు మా మేనమామ గడియారం గుర్తొచ్చింది. అది పోవడం, ఇల్లంతా వెతకడం, అదో పెద్ద కథ. వెనక పేజీలో రాశాను, తప్పక చదువు.

నీ మేలుకోరే బావ

తా.క.: వెనక పేజీ చాల్లేదు. ఇంకో మూడు జతచేశాను.


హెడ్డాఫీసు, బుధవారం

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం పెద్దాయన కమిటీ ముందు పైకి చదివించారు. గడియారం కథ మూడో పేజీకి వచ్చేసరికి ఇద్దరు కునుకు తీశారు. చివర్న పెద్దాయన "ఇంతకీ ఎరుపు మంచిదా, చెడ్డదా?" అన్నారు. కొండంత రాగం తీసి కూసింత పాట పాడినట్టయింది.

అందుకని ఒక ఫారం పంపుతున్నాను. అడిగినదానికే జవాబు రాయండి. ఒకటి రెండు మాటలు చాలు. కథలొద్దు, మీ కాళ్ళు పట్టుకుంటాను. కింద 'ఇతర విషయాలు' అని ఒక గడి ఉండేది, మీ సంగతి తెలిసి నేనే కొట్టేశాను.

ఇంకా కొనుగోళ్ల మేనేజరే అయిన
మీ బావమరిది

తా.క.: గడియారం చివరికి దొరికిందా? మెలకువగా ఉన్నవాళ్ళు అడగమన్నారు.


గోడౌను, మూడు వారాల తర్వాత, సోమవారం

బావమరిదికి ఆశీస్సులు.

మనసు చివుక్కుమంది, కానీ పని పనే. ఫారం నింపాను.

ఎరుపు. చప్పుడు: పిండిమర. వేడి: డబ్బాలకి చాలు. ఎన్నిసార్లు ఆగింది: లేదు. ఫిర్యాదులు: చెవులున్న ప్రతివాళ్ళూ. వాళ్ళ మనిషి ఎన్నిసార్లు రావలసి వచ్చింది: ఒకసారి.

నీలం. చప్పుడు: కొంచెం. వేడి: కొంచెం. ఎన్నిసార్లు ఆగింది: ఇరవై మూడు. ఫిర్యాదులు: ఇరవై మూడు. వాళ్ళ మనిషి ఎన్నిసార్లు రావలసి వచ్చింది: ఒకసారి వచ్చి వెళ్ళనేలేదు. రోజూ "ఇంకొక్క అప్‌డేటండీ" అంటూ తిష్ట వేశాడు. పెట్టెతో సహా సాగనంపాం.

ఆకుపచ్చ. చప్పుడు: లేదు. వేడి: లేదు. ఎన్నిసార్లు ఆగింది: ఒక్కసారీ లేదు. ఫిర్యాదులు: లేవు. వాళ్ళ మనిషి ఎన్నిసార్లు రావలసి వచ్చింది: ఒక్కసారీ రాలేదు.

నోరు కట్టేసుకున్న నీ బావ

తా.క.: ఆకుపచ్చదాని గురించి ఒక ముక్క చెబుదామనుకున్నాను. ఆ గడి నువ్వే కొట్టేశావాయె.


హెడ్డాఫీసు, గురువారం

బావగారికి వేయి దణ్ణాలు!

ఇదీ రిపోర్టంటే! పెద్దాయన రెండుసార్లు చదివించుకున్నారు. "చప్పుడు లేదు, వేడి లేదు, మనిషి అక్కర్లేదు. ఇన్నాళ్ళూ ఎక్కడుందయ్యా ఇది?" అని నా భుజం తట్టారు. బావగారూ, ఆ కుర్చీల తర్వాత ఆయన చెయ్యి నా మీద పడటం ఇదే మొదలు. నాకు కళ్ళంట నీళ్ళొచ్చాయి. నలభైకీ ఆర్డరు పెట్టేశాను.

ఇక నిశ్చింతగా కొనుగోళ్ల మేనేజరైన
మీ బావమరిది

తా.క.: ఆ ఆకుపచ్చ అద్భుతాన్ని కళ్ళారా చూస్తానని పెద్దాయన శనివారం మీ దగ్గరికి వస్తున్నారు. దానిమీద డబ్బాలుంటే తీసేయండి.


గోడౌను, ఆదివారం

బావమరిదికి ఆశీస్సులు.

కూర్చుని చదువు. కూర్చునే ముందు కుర్చీ కాళ్ళు చూసుకో.

పెద్దాయన నిన్న వచ్చారు. నువ్వు కొన్న కుర్చీల్లో ఇక్కడ ఒక్కటీ మిగల్లేదు కదా, గట్టిగా ఉన్న పెట్టె ఒకటి చూపించాను. కూర్చుని, టీ తాగి, "ఏదయ్యా ఆ ఆకుపచ్చది?" అన్నారు.

"మీరు కూర్చున్నదేనండీ" అన్నాను.

లేచి, వంగి చూశారు. సీలు నిక్షేపంలా ఉంది. వాళ్ళ మనిషి రాలేదు, రాకుండా తీయొద్దని నువ్వు రాసిన ఉత్తరం చూపించాను. చప్పుడూ లేదు, వేడీ లేదు, నిమ్మకు నీరెత్తినట్టు నెల్లాళ్ళుగా మూలనే ఉంది. నేను రాసిన దాంట్లో ఒక్క అబద్ధముందేమో నువ్వే చెప్పు. తీగలు పెట్టావా అని నీ ఫారం అడగలేదు.

"మరి ఇన్నాళ్ళూ నడుస్తున్నదేమిటి?" అన్నారు. తలుపు మీది పాత స్విచ్ చూపించాను. నీలాన్ని సాగనంపిన రోజే ఎలక్ట్రీషియన్ తీగలు మళ్ళీ దాంట్లోనే పెట్టాడు. బూజు పట్టి ఉంది గానీ పదకొండేళ్ళలో ఒక్కనాడు ఆగి ఎరగదు. కొన్నదెవరని రిజిస్టరు తీయిస్తే, నీ సంతకమే. ఉద్యోగంలో చేరిన మొదటి వారం కొన్నావట.

పెద్దాయన రిజిస్టరు మూశారు. "వీడు ఏమీ తెలియనప్పుడే బాగా కొన్నాడు" అన్నారు. నీ ఆర్డరు ఆపించేశారు. అన్ని బ్రాంచీల్లోనూ ఆ పాతవే నడవాలట. వాటిని కనిపెట్టుకుని ఉండటానికి ఒక మనిషి కావాలట, ఖాళీ వేళల్లో బస్తాలూ ఉంటాయి. సోమవారం నుంచి నువ్వు ఇక్కడే.

మీ అక్కకి నేనేమీ చెప్పలేదు. గది ఎందుకు ఊడుస్తోందో మరి. నాకూ సంతోషంగానే ఉందోయ్, దాచడం దేనికి. గడియారం ఎలా దొరికిందో నువ్వు ఇంకా వినలేదు.

నీ పై అధికారి,
నీ బావ

తా.క.: నీకు కూర్చోవడానికి ఆకుపచ్చ పెట్టె కిటికీ పక్కన వేయించాను. సీలు మాత్రం తీయకు. వాళ్ళ మనిషి ఇంకా రాలేదు.