మూడో రోజు గుంతలు

ఫిబ్రవరి 6, 2024, మంగళవారం

ఒక్క క్రెడిట్. నూట ఇరవైలో ఒక్కటి తక్కువట. యూనివర్సిటీ పిల్ల ఫోన్‌లో ఎంత మర్యాదగా చెప్పిందో నాకు అంత ఒళ్ళు మండింది. 1991లో మా ఊరి కమ్యూనిటీ కాలేజీలో చదివిన జియాలజీ ట్రాన్స్‌ఫర్ అయిందట, దాని ల్యాబ్ మాత్రం కాలేదట. మా ల్యాబ్ గదిలో జరగలేదమ్మా, మూడు రోజులు ఎడారిలో జరిగింది అన్నాను. దానికి రుజువేమైనా ఉందా మేడమ్ అంది. ముప్పై మూడేళ్ల కిందటి ఎండకి రుజువు ఎక్కణ్ణించి తెచ్చేది?

మే నెలలో డిగ్రీ వస్తే ఏడో తరగతికి సైన్స్ టీచర్‌ని. రాకపోతే ఇరవై రెండేళ్లుగా అదే బళ్లో చేస్తున్న హెల్పర్ పనే. ఆ టీచర్ పోస్టు ఇంకో ఏడాది ఆపలేనని ప్రిన్సిపాల్ ముందే చెప్పేసింది.

ఫిబ్రవరి 9

పాత కాలేజీకి వెళ్లాను. కౌన్సెలర్ మా అమ్మాయి వయసుది. ఆ జియాలజీ చెప్పిన టీగ్ మాస్టారు ఇంకా ఉన్నారు, మీ ఫీల్డ్ నోట్‌బుక్ దొరికి, మూడు రోజులూ చేసినట్టు ఆయన సంతకం పెడితే పిటిషన్ వెయ్యొచ్చు, ఏప్రిల్ 15 ఆఖరు అంది.

బయటికొచ్చి పార్కింగ్‌లో చాలాసేపు నిలబడ్డాను. నా స్నేహితురాలు ఇడలీనా వాళ్ల నాన్న పికప్ ఇక్కడే ఉండేది. దాని మీద కూర్చుని లింగ్విసా సాసేజ్ శాండ్‌విచ్ చెరిసగం తినేవాళ్లం. ఇద్దరం పొద్దున్నే పాలు పితికి వచ్చేవాళ్లం కదా, మా బూట్ల వాసనకి క్లాసులో పక్క కుర్చీలు ఖాళీగా ఉండేవి. మాకు సిగ్గేసేది కాదు. వాటి మీద పుస్తకాలు పెట్టుకునేవాళ్లం.

ఫిబ్రవరి 17

మాస్టారికి ఎనభై నాలుగు. గ్యారేజీ నిండా రాళ్లు. ఫిలొమేనా అని నా పేరు చెప్పకముందే, ఆవుల అమ్మాయిలు ఇద్దరు ఉండేవాళ్లు, నువ్వు అందులో ఏ అమ్మాయివి అన్నారు. ఎవరూ తీసుకెళ్లని నోట్‌బుక్‌లన్నీ ఆపిల్ పెట్టెల్లో ఏ ఏడాదివి ఆ ఏడాది దాచారు. మా ఇద్దరిదీ ఉంది. ఆ జూన్‌లో నాన్న కాలు విరిగి ఆవులన్నీ నా మీద పడ్డాయి. నేను కాలేజీ గడప మళ్లీ తొక్కలేదు.

మొదటి రోజు పేజీ కింద: కొలిచింది ఇడలీనా, రాసింది ఫిలొమేనా. రెండో రోజు మార్చుకున్నాం. మూడో రోజు పేజీ ఖాళీ. అడుగున ఎర్రసిరాతో, ఇంకా చెయ్యాలి.

ఆ రోజు నల్లరాతిలో ఎప్పుడో ఎండిన ఏరు తొలిచిన పది గుంతల లోతు కొలవాలి. మేం కడుపునొప్పి అని చెప్పి హైవే పక్కన కేఫ్‌కి నడిచి వెళ్లాం. చెరి రెండు ముక్కలు 'పీచ్ పై' అనే పళ్ల కేకు తిన్నాం. ఇడలీనా వంటవాడితో డాన్స్ చేసింది. నేను అంతలా నవ్వింది మళ్లీ లేదు. నాకు 'ఎ' గ్రేడ్ బదులు 'బి' ఎందుకు వచ్చిందో ఇన్నేళ్లకి తెలిసింది. అన్నేళ్లూ ఆయన్ని తిట్టుకున్నాను.

ఆ రెండో అమ్మాయేదీ అని అడిగారు. క్యాన్సర్, పోయి నాలుగేళ్లయింది అన్నాను.

సంతకం మాత్రం పెట్టలేదు. చెయ్యనిదానికి పెట్టనమ్మాయ్, చేసిన రోజు పెడతాను అన్నారు. కంటి ఆపరేషన్ అయ్యాక ఏప్రిల్‌లో తనే వెంట వస్తారట.

ఫిబ్రవరి 18

మా ఆయన హెల్డర్ అంతా విని నవ్వాడు. ఎడారిలో గుంత లోతు ఎవడు చూసొస్తాడే, పది అంకెలు వేసి పట్టుకెళ్లు, ముసలాయన కళ్లకి కనపడదు అన్నాడు.

పది అంకెలూ వేశాను. పెన్సిల్‌తో.

ఫిబ్రవరి 19

చెరిపేశాను.

ఏప్రిల్ 6, శనివారం

తెల్లారకముందే బయల్దేరాం. మాస్టారు గొడుగు కింద మడత కుర్చీలో కూర్చున్నారు, నేను గుంతల్లోకి దిగాను. టేపు వంకర పోతోందని పైనుంచి ఒకటే నస. నువ్వు చెప్పు, నేను రాస్తాను అన్నారు. వద్దన్నాను. ప్రతి గుంతకీ దిగి, కొలిచి, పైకెక్కి రాశాను. పదిసార్లు.

కేఫ్ లేదు. బోర్డు నిలబెట్టిన ఇనప స్తంభం ఉంది.

తిరుగుదారిలో, ఆ రోజు కేఫ్‌లో ఏ 'పై' తిన్నారు అని అడిగారు. పీచ్ అన్నాను. తనకీ ఒక ముక్క తెస్తారేమో అని అప్పుడు కాలేజీ వ్యాన్‌లో ఎదురుచూశారట. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి, కారు పక్కకి ఆపాల్సొచ్చింది.

ఇంటికి చేరాక ఆయన కొత్త కళ్లద్దాలు పెట్టుకుని పేజీ అంతా చదివారు. అడుగు దాకా. కలం అడిగారు.

మే 9

యూనివర్సిటీ వాళ్లు ఒప్పుకున్నారు. నూట ఇరవై.

మే 10

నోట్‌బుక్ తిరిగొచ్చింది. మూడో రోజు, పదో గుంత: నాలుగడుగుల రెండంగుళాలు. కొలిచింది ఫిలొమేనా. రాసింది ఇడలీనా.

కింద మాస్టారి సంతకం.