తిట్టో ముద్దో తేలని మాట

అత్తయ్యగారికి,

మీ కోడలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అందరం కులాసా. మీ అబ్బాయికి దగ్గు తగ్గింది. పురుడయ్యాక వదిన కోలుకుందా? పసివాడు అక్కడ మిమ్మల్ని నిద్రపోనిస్తున్నాడా?

"లాండ్రీలో ఆ పొడుగావిడ ఇంకా నిన్నేదో అంటూనే ఉందా?" అని పోయిన ఉత్తరంలో అడిగారు. ఆస్పత్రి దుప్పట్లు ఇస్త్రీ రోలర్లోకి తోసేటప్పుడు ఆవిడ ఒక కొస, నేనొక కొస పట్టుకుంటాం కదా. నా కొస వంకరపోతే చాలు, వాళ్ల భాషలో ఒక మాట అని నవ్వేది. మడతలు పెట్టేవాళ్లూ నవ్వేవారు. ఆ నవ్వే నాకు మింగుడుపడలేదు.

వాళ్ల దేశంవాడే, వ్యాను డ్రైవరు, అతన్ని పక్కకి పిలిచి అడిగాను. మొహం తిప్పుకున్నాడు. "ఆడవాళ్లని అనకూడని మాటమ్మా. ఇంకేం అడక్కు," అన్నాడు. ఊడ్చే ఆవిడదీ అదే భాష. ఆవిడనడిగితే, "తిండి తినకుండా పరిగెత్తే పిల్లల్ని మేం అనేది అదే," అంది. ఇద్దరిలో ఒకరు నన్ను వెర్రిదాన్ని చేస్తున్నారు. ఊడ్చే ఆవిడ పొడుగావిడతో కలిసి తింటుంది, అందుకే వెనకేసుకొస్తోందనుకున్నాను. ఇక అప్పట్నుంచి వాళ్లు గుసగుసలాడితే నా గురించే, నన్ను చూసి ఆపేస్తే మరీ నా గురించే. పొడుగావిడ టీ పోసిస్తే వాసన చూసి తాగేదాన్ని.

చివరికి సూపర్‌వైజరమ్మకి ఫిర్యాదు చేశాను. అందర్నీ గదిలోకి పిలిచింది.

"మా అమ్మ నన్నలాగే పిలిచేది," అంది పొడుగావిడ.

"మా పట్నంలో ఆ మాట అంటే చెంప పగులుతుంది," అన్నాడు డ్రైవరు.

సూపర్‌వైజరమ్మ తల పట్టుకుంది. "ఒకే భాషవాళ్లు, మీకే పొంతన కుదరకపోతే నేనేం తేల్చను?" అని నా వైపు తిరిగింది. "మీ ఇళ్లలో ఉందా, తిట్టులాంటి మాటతో ముద్దుగా పిలవడం?"

అత్తయ్యా, ఇది మీ అబ్బాయికి కూడా చెప్పలేదు. "లేదండీ, మాలో అయినవాళ్లని ఎవరూ అలా అనరు," అన్నాను.

పొద్దున లేస్తే "దిక్కుమాలినదానా, ముందు తిని చావవే" అనే మిమ్మల్ని ఇంట్లో పెట్టుకుని అలా అన్నాను. కాపురానికొచ్చిన కొత్తలో అదీ తిట్టే అనుకుని స్నానాలగదిలో ఏడ్చేదాన్ని. నాకు జ్వరమొచ్చి ఒళ్లు తెలియకుండా పడుంటే, తడిగుడ్డ వేస్తూ మీరన్నదీ ఆ మాటే. నాకు తెలియక కాదు, ఆవిడకి బుద్ధి రావాలని అన్నాను.

నా మాట పట్టుకుని ఆవిణ్ణి మురికి బట్టలు విడదీసే గదికి మార్చారు. నెత్తురూ చీమూ అంటిన దుప్పట్లు. ఎదురుపడితే నన్ను "మేడమ్" అనేది. అందులోనూ ఎగతాళి ఉందేమోనని వెతికాను. లేదు. అదే తట్టుకోలేకపోయాను.

నిన్న వెళ్లి సూపర్‌వైజరమ్మకి నిజం చెప్పాను. చీవాట్లు పెట్టి, ఆవిణ్ణి వెనక్కి తెస్తానంది. ఆ కబురు నేనే తీసుకెళ్లాను. పొడుగావిడ చేతి తొడుగులు విప్పుతూ నన్ను తేరిపార చూసింది.

"ఇప్పుడెందుకు చెప్పావు? నీకేం కావాలి నా దగ్గర?"

ఏమీ వద్దన్నాను. నమ్మలేదు. ఆవిడ స్థానంలో నేనున్నా నమ్మను.

ఇట్లు,
మీ పెద్దకోడలు