టేకు బీరువాకు తడి గోనె

జైనూర్, ఏప్రిల్ 3

కైలాసమన్నకు మిస్త్రీ బాబు మియా సలాములు.

బీరువా దింపిన రోజు తొందరలో జాగ్రత్తలు చెప్పలేదు. ఫోన్లో మాట్లాడదామంటే రంపం మిషన్ నా చెవులు తినేసింది, అందుకే ఉత్తరం. చంద్రవ్వ వదిన పదేళ్లు బీడీలు చుట్టి కూడబెట్టి చేయించుకున్న టేకు బీరువా అది. పొడిబట్టతోనే తుడవండి. గోడకు కొక్కేలతో బిగించండి, పిల్లలు సొరుగులు పట్టుకుని ఎక్కితే మీద పడుతుంది. ఎండకు కట్టె ఆరిపోతే పగులుతుంది, జర భద్రం.

నీ తమ్ముడు,
బాబు మియా

తా.క. దాని మీద చాయ్ గ్లాసు పెట్టకు. గుండ్రటి మరక పడితే వదిన దృష్టిలో అది నీ సంతకమే.

చొప్పదండి, ఏప్రిల్ 8

తమ్ముడు బాబు మియాకు,

శ్రీరాంపూర్‌లో తన తమ్ముడికి ఆపరేషన్ అయిందని చంద్రవ్వ మూడు వారాలకు పోయింది. పోతూ పోతూ, "నేనచ్చెటాల్లకు గిది గిట్లనే మెరువాలె. ఈగ వాలినా నిన్నే అడుగుత" అంది.

కట్టె ఆరితే పగులుతుందని రాశావు. ముప్పై ఏళ్లు సాంచాల మీద బట్ట నేసినవాణ్ని, నాకు చెప్పాలా? ఎండాకాలం నూలు తెగకుండా షెడ్డంతా నీళ్లు చల్లుతాం. అదే లెక్కన బీరువాకు మూడు పూటలా తడి గోనె కప్పుతున్నాను. ఫికర్ చేయకు.

కైలాసం

తా.క. కూలర్ కూడా దానివైపే తిప్పాను. నేను వాకిట్లో విసనకర్రతో ఉన్నాను.

జైనూర్, ఏప్రిల్ 12

అన్నా, కైలాసమన్నా,

నీ ఉత్తరం చదివి చేతిలోంచి ఉలి జారిపోయింది. కట్టె నూలు కాదే! నీళ్లు తాగితే ఉబ్బుతుంది. గోనె ఇప్పుడే తీసెయ్. బిగుసుకున్న సొరుగు గుంజకు. నీడలో, గాలి తగిలేటట్టు మెల్లగా ఆరనివ్వు. ముందే విడమరచి రాయకపోవడం నా తప్పే.

బాబు మియా

తా.క. కూలర్ నీవైపు తిప్పుకో.

చొప్పదండి, ఏప్రిల్ 18

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చేసరికే సొరుగులు బిగుసుకున్నాయి, చంద్రవ్వ చీరలన్నీ లోపలే. గాలి తగలాలన్నావు కదా, ఇంట్లో గాలెక్కడిది? పక్కింటి అంతయ్యను, మల్లేష్‌ను పిలిచి బీరువాను మేడ మీదికి ఎక్కించాను. నీడకని పైన దుప్పటి కట్టి షెడ్డుకు పోయాను. సాయంత్రం వచ్చి చూస్తే దుప్పటి గాలికి ఎగిరిపోయింది. ఎండకు తలుపు పైనుంచి కిందిదాకా పగిలింది. పగుల్లో వేలు పడుతోంది.

ఈ నెల 27న, సోమవారం చంద్రవ్వ వస్తుంది. పదేళ్ల కష్టం ఆమెది, పది రోజుల తెలివి నాది. వెంటనే రా.

నీ కైలాసం

తా.క. దుప్పటి దొరికింది. ఆమెకు చెప్పడానికి నాకున్న శుభవార్త అదొక్కటే.

జైనూర్, ఏప్రిల్ 22

అన్నకు,

చేతిలో పని ఉంది, సోమవారంలోగా రాలేను. పగుల్లో మైనం నింపి దాచిపెట్టకు. ఉన్నదున్నట్టు చెప్పు.

బాబు మియా

తా.క. ఆమె తిడుతుంటే నాకు ఫోన్ చేయకు. ఎలాగూ వినబడదు, మంచి తిట్లు దండగవుతాయి.

చొప్పదండి, ఏప్రిల్ 29

తమ్ముడు బాబు మియాకు,

అంతా చెప్పాను. గోనె, కూలర్, మేడ, ఏదీ దాచలేదు. చంద్రవ్వ తిట్టలేదు. పగులును పైనుంచి కిందిదాకా చేత్తో తడిమింది. తర్వాత అంది: "నిరుడు జరమచ్చి వారం దినాలు పడుకున్న. ఒక్కపారన్న నా నొసటి మీద తడిగుడ్డ ఏసినవా? గీ కట్టెకు మూడు పూటల ఏసినవు."

ఆ వారం నాకు గుర్తే లేదు, బాబు మియా. గుర్తు లేకపోవడమే నన్ను ఎక్కువ కాలుస్తోంది. నా మీద నాకే సిగ్గుగా ఉంది. బీరువాకు రాసినట్టే, ఇంటామెను చూసుకునే జాగ్రత్తలు కూడా రాసి పంపు. తప్పకుండా పాటిస్తాను.

కైలాసం

తా.క. ఈసారి విడమరచి రాయి. నా తెలివి సంగతి తెలుసు కదా.

జైనూర్, మే 3

కైలాసమన్నకు,

ఆ జాగ్రత్తలు నాకూ తెలియవు. నలభై ఏళ్లలో ఎన్నో ఊళ్లకు బీరువాలు చేశాను. నా భార్య ఫిర్దోస్ కూడా ఒకటి అడిగింది. "జర ఆగు, గిరాకి తగ్గినంక నీదే జేస్త" అన్నాను. గిరాకీ తగ్గలేదు. ఆమె పోయి నాలుగేళ్లయింది. ఆమె బట్టలు ఇంకా రేకు పెట్టెలోనే ఉన్నాయి.

నన్నెందుకు అడుగుతావు? వదిననే అడుగు. అడగడానికి మనిషి ఉంది నీకు.

శుక్రవారం నమాజు కాగానే బయల్దేరుతాను.

నీ తమ్ముడు,
బాబు మియా

తా.క. ఫిర్దోస్ బీరువాకని తీసిపెట్టిన టేకు పలకలు రెండున్నాయి. ఇన్నేళ్లూ నీడలోనే ఆరాయి, ఇక పగలవు. వదిన తలుపుకు అవే తెస్తున్నాను.